రెండు తీగల మధ్య దాగిన సభ

"సార్, మా ఇంట్లో కచేరీ పెడితే పాట ముందునుంచి వస్తోంది, చప్పట్లు వెనకనుంచి వస్తున్నాయి. టీవీలోంచి యాంప్లిఫయర్‌కి వెళ్ళేవి ఎడమ ఒకటి, కుడి ఒకటి, రెండు సిగ్నళ్ళే కదా. వెనకది ఎక్కడినుంచి పుట్టింది?"

కొండపల్లిలో మా ఇంటర్ ఫిజిక్స్ క్లాసులో ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. జవాబు ఒక్క మాటలో చెప్పొచ్చు: తీసివేత. ఆడియో చరిత్రలో ఇంతకంటే అందమైన ఉపాయం నాకు ఇంకోటి కనబడలేదు.

బోర్డు మీద ఇలా వేశాను. గాయకుడు వేదిక మధ్యలో ఉన్నాడు కాబట్టి ఆయన గొంతు రెండు చానెళ్ళలోనూ సమానంగా ఉంటుంది. ఎడమలో 10, కుడిలో 10 అనుకుందాం. కలిపితే 20, తీసేస్తే సున్నా. ఇప్పుడు ఒక చప్పట్ల శబ్దాన్ని ఎడమలో +4 గానూ, కుడిలో తిరగేసి −4 గానూ ఎక్కించాం. కలిపితే సున్నా, తీసేస్తే 8. కూడిక ఫలితాన్ని మధ్య స్పీకర్‌కు, తీసివేత ఫలితాన్ని వెనక స్పీకర్‌కు పంపండి. గాయకుడి గొంతు ముందుకూ, సభ వెనక్కూ వెళ్ళిపోయాయి. ఎడమ, కుడి ఎలాగూ ఉన్నాయి కాబట్టి, రెండు దారుల్లో నాలుగు శబ్దాలు ప్రయాణం చేశాయి.

దీనికి పెద్ద యంత్రం కూడా అక్కర్లేదు. 1970 ప్రాంతంలో డైనకో సంస్థ స్థాపకుడు డేవిడ్ హాఫ్లర్ ఒక చిట్కా ప్రచారంలోకి తెచ్చాడు. యాంప్లిఫయర్ వెనక ఎడమ స్పీకర్‌కు ఒక ఎర్ర టెర్మినల్, ఒక నల్ల టెర్మినల్, కుడికీ అంతే. మూడో స్పీకర్ తీగలు రెండిట్లో ఒకటి ఎడమ ఎరుపుకు, రెండోది కుడి ఎరుపుకు బిగించాలి. నలుపు జోలికి పోకూడదు. రెండు ఎరుపుల వోల్టేజీ ఒకేలా ఉన్నంతసేపూ ఆ స్పీకర్‌లో కరెంటు పారదు, కోన్ కదలదు. తేడా వచ్చినప్పుడే కదులుతుంది. తీసివేత లెక్క మొత్తం రాగి తీగే చేసేస్తుంది.

పాత స్టీరియో యాంప్లిఫయర్‌కు ఇలా తగిలించి, ఒక కర్ణాటక కచేరీ వీడియో పెట్టి, ముందున్న స్పీకర్లు కాసేపు మరిచిపోయి వెనకదాని దగ్గర చెవి పెట్టాను. గాయకుడు లేడు! ఎవరో దగ్గడం, కుర్చీ జరగడం, తాళం వేస్తున్న చేతుల చప్పుడు, వేదిక మీద చెరో పక్కనున్న వయొలిన్, మృదంగం వినిపించాయి. అన్నిటికంటే విచిత్రం, గాయకుడి గొంతు నేరుగా లేదు గానీ, అది హాలు గోడలకు తగిలి తిరిగొచ్చిన తోక మాత్రం ఉంది. గోడలనుంచి వచ్చే శబ్దం ఎడమ మైకుకూ కుడి మైకుకూ వేర్వేరు దారుల్లో చేరుతుంది, ఒకేలా ఉండదు, అందుకే తీసివేతలో చెరిగిపోదు. రికార్డింగ్‌లో హాలు ఎక్కడుందని ఎవరైనా అడిగితే నా సమాధానం అదే: రెండు చానెళ్ళ తేడాలో ఉంది.

అయితే ఒక చిక్కు. మన పద్ధతిలో వయొలిన్ గాయకుడికి ఎడమవైపు, మృదంగం కుడివైపు కూర్చుంటాయి. ఎదురుగా ఉన్న మనకు మృదంగం ఎడమ, వయొలిన్ కుడి. ఒక్క చానెల్‌లోనే బలంగా ఉన్న ఆ మృదంగం తీసివేతలో పోదు, వెనక స్పీకర్‌లోంచి కూడా పలుకుతుంది. మరి మృదంగం వీపు వెనక ఉన్నట్టు అనిపించాలి కదా? దీనికి మందు మన చెవిలోనే ఉంది. ఒకే శబ్దం రెండు చోట్లనుంచి కొద్ది మిల్లీసెకన్ల తేడాతో వస్తే, ముందు చేరినదాని దిక్కే అసలు దిక్కని మెదడు నిర్ణయించేస్తుంది. హెల్ముట్ హాస్ 1949లో దీన్ని కొలిచి చూపించాడు. కాబట్టి వెనక స్పీకర్‌కు వెళ్ళే సిగ్నల్‌ని ఓ 20 మిల్లీసెకన్లు ఆపి వదిలితే మృదంగం మళ్ళీ ముందుకెళ్ళి కూర్చుంటుంది, సభ మాత్రం వెనకే ఉంటుంది. గాలిలో శబ్దం ఒక్క మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. 20 మిల్లీసెకన్లంటే దాదాపు 7 మీటర్లు. మన ఇళ్ళలో అంత దూరం ఎక్కడిది? అందుకే ఆ ఆలస్యాన్ని ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో పుట్టించారు.

ఈ లెక్కను పేటెంట్ల దాకా తీసుకెళ్ళిన మనిషి పీటర్ షైబర్, స్వతహాగా సంగీతకారుడు. ఆ తర్వాత నాలుగు స్పీకర్ల రికార్డులతో కంపెనీలు ఎగబడ్డాయి. సీబీఎస్ వాళ్ళది ఎస్‌క్యూ, సాన్సుయి వాళ్ళది క్యూఎస్, జేవీసీ వాళ్ళది సీడీ-4. ఒకరి రికార్డు ఇంకొకరి డీకోడర్‌లో సరిగా పలకదు. కొనేవాళ్ళు విసిగిపోయారు, డెబ్బైల దశకం ముగిసేసరికి నాలుగు స్పీకర్ల మోజు చల్లారింది. బతికించింది సినిమా. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ అంచున శబ్దానికి ఉన్న సన్నటి జాగాలో రెండు ట్రాకులే పడతాయి, డాల్బీ సంస్థకు కావలసినవి నాలుగు చానెళ్ళు. తీసివేత మళ్ళీ అక్కరకొచ్చింది. అలా వచ్చిన తొలి చిత్రం 1976లో 'ఎ స్టార్ ఈజ్ బోర్న్'. గాయకుల కథ, కచేరీ సన్నివేశాలున్న సినిమా కావడం నాకెంతో సంతోషం. మరుసటి ఏడు 'స్టార్ వార్స్'తో అది ఊరూరా చేరింది.

షైబర్ 1983లో డాల్బీ మీద పేటెంట్ దావా వేశాడు, రాజీ కుదిరింది. పేటెంట్లన్నీ ముగిసేదాకా రాయల్టీ చెల్లిస్తామన్నది ఒప్పందం. ఆ ఏర్పాటు సూచించింది డాల్బీయేనని షైబర్ వాదన. అమెరికా పేటెంట్లు 1993లో, కెనడావి 1995లో ముగియాలి. గడువు తీరిన పేటెంట్లకు మాత్రం డబ్బు ఇవ్వనంది డాల్బీ. 2002లో అప్పీళ్ళ కోర్టు డాల్బీ పక్షానే తీర్పు చెప్పింది. చట్టం ప్రకారం సరే కావచ్చు, ఇచ్చిన మాట విషయంలో నా మనసు షైబర్ వైపే.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1982లో డాల్బీ సరౌండ్ ఇళ్ళలోకి వచ్చింది, 1987లో ప్రోలాజిక్ వచ్చి ఏ క్షణంలో ఏ దిక్కు బలంగా ఉందో కనిపెట్టి పక్క చానెళ్ళలోకి కారిపోవడాన్ని అణచింది. 1992లో డాల్బీ డిజిటల్, 1993లో దానికి పోటీగా డీటీఎస్ థియేటర్లలో దిగాయి. డీవీడీలొచ్చాక దేని చానెల్ దానికే విడిగా దొరికింది. కచేరీ డిస్కుల్లో డాల్బీ ట్రాక్ సాధారణంగా సెకనుకు 448 కిలోబిట్లు, డీటీఎస్ దాని రెట్టింపో మూడింతలో. డీటీఎస్సే గొప్పదని పందేలు కాసినవాళ్ళు చాలామంది. కానీ డాల్బీ ట్రాక్‌లో మాటల స్థాయిని బట్టి శబ్దాన్ని కొన్ని డెసిబెళ్ళు తగ్గించమనే సూచన ఉంటుంది. పెద్దగా వినిపించింది మేలైనదిగా తోచడం చెవి స్వభావం. రెండింటి వాల్యూమ్ సమం చేయకుండా ఇచ్చిన తీర్పుకు విలువ లేదు.

మరి కచేరీ సినిమా శబ్దాన్ని ఎలా బేరీజు వేయాలి? మొదట మృదంగం ఎడమ, వయొలిన్ కుడి ఉన్నాయో చూడండి. తారుమారైతే తీగలు మారాయో, మృదంగ విద్వాంసుడు ఎడమచేతి వాటమో తెరమీద తెలిసిపోతుంది. తర్వాత సబ్‌వూఫర్. మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద అద్ది, మణికట్టుతో నొక్కి గుమికి అనే దెబ్బ వాయిస్తారు. ఆ నాదం కింద స్థాయినుంచి జారుతూ పైకి పోతుంది. ప్రతి దెబ్బా ఒకే 'ధుమ్'గా వినిపిస్తే సబ్‌వూఫర్ వాల్యూమ్ ఎక్కువైంది, లేదా గది మోగుతోంది. స్పీకర్ పెట్టె మాటా చెప్పాలి. నూజివీడు వీణకు పనస కొయ్య వాడేది అది నాదంతో కలిసి పలకాలని. స్పీకర్ పెట్టె పలకకూడదు, బరువుగా బిగుసుకుని ఉండాలి. మా ఊరి బొమ్మల తెల్లపొణికి ఎంత అందంగా చెక్కినా, ఆ తేలిక కొయ్య ఈ పనికి నప్పదు.

చివరి పరీక్ష తీసివేతే. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్‌లో విన్న భక్తిరంజనిలో రెండు చానెళ్ళకూ తేడాయే లేదు, ఫలితం సున్నా. స్టీరియో కచేరీలో ఆ తేడాలో హాలు సమానంగా వినిపించాలి. గొంతు గుడి మండపంలో ఉన్నట్టూ, మృదంగం మూసిన గదిలో ఉన్నట్టూ అనిపిస్తే, ప్రతిధ్వని స్టూడియోలో గొంతుకు మాత్రమే పులిమారన్నమాట. చానెళ్ళు ఏడైనా పదకొండైనా నేను అలాంటి మిక్సింగ్‌కు మార్కులెయ్యను.

మూడో స్పీకర్ ప్రయోగం చేయాలనుకునేవారికి ఒక హెచ్చరిక. అది నల్ల టెర్మినళ్ళు రెండూ లోపల ఒకటే అయిన పాత రకం స్టీరియో యాంప్లిఫయర్‌కే. 8 ఓమ్‌ల స్పీకర్ వాడండి, పవర్ ఆపి కలపండి, వాల్యూమ్ తగ్గించి వినండి. సౌండ్‌బార్ మీదా, బ్రిడ్జ్ యాంప్లిఫయర్ మీదా వద్దు. అవే ఉన్నవాళ్ళు కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆడాసిటీలో ఒక చానెల్‌ని ఇన్వర్ట్ చేసి రెండోదానితో కలపండి. అదే తీసివేత ఏ తీగా లేకుండా దొరుకుతుంది.