బొగ్గుగని నుండి కడలి అంచునకు

నేలబొగ్గును ‘నల్లబంగారం’ అనుట మనకు పరిపాటి. ఆ బంగారానికి మానవుడు చెల్లించిన వెల ఎంతో తెలియగోరువారు బ్రిటన్‌లోని దక్షిణ వేల్స్ ప్రాంతాన్ని చూడవలె. మేము ఒక శీతకాలపు దినమున కారులో బయలుదేరి, ఉదయం బ్లేనావన్‌లోని బొగ్గుగని మ్యూజియంను, సాయంత్రం పోర్త్‌కాల్ సముద్రతీరాన్ని దర్శించాము.

బ్లేనావన్‌లోని ‘బిగ్ పిట్’ గని 1880 నుండి 1980 వరకు పనిచేసింది. 1983లో మ్యూజియంగా మారింది. ఇక్కడ వస్తువులను అద్దాల పెట్టెలలో చూపి ఊరుకొనరు. సందర్శకులను కేజ్‌లో 300 అడుగుల లోతునకు దింపుతారు. వెంట వచ్చి వివరించేవారు పూర్వం గనులలో శ్రమించినవారే.

దిగుటకు ముందు మా చేతి గడియారాలు, ఫోనులు, అగ్గిపెట్టెలు తీసి ఉంచారు. కారణం మీథేన్. బొగ్గుపొరల నుండి వెలువడే ఈ వాయువు గాలిలో సుమారు 5 నుండి 15 శాతం వరకు కలిసినప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా పేలుతుంది. 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన భద్రతాదీపంలో జ్వాల చుట్టూ సన్నని లోహపు వల ఉంటుంది. అది వేడిని గ్రహించి, మంట వెలుపలి వాయువునకు అంటకుండ ఆపుతుంది. వాయువు ఉన్నచోట జ్వాలపై నీలిఛాయ కనిపిస్తుంది, అదే హెచ్చరిక. అయినను ప్రమాదాలు ఆగలేదు. 1913 అక్టోబరు 14న ఇదే దక్షిణ వేల్స్‌లోని సెంఘెనిడ్ గనిలో సంభవించిన పేలుడులో 439 మంది కార్మికులు మరణించారు.

గని లోపల ఒకచోట దీపాలన్నీ ఆర్పించారు. ఎవరి చేయి వారికే కనబడని చీకటి! గాలి తలుపులు తెరచి మూయుటకు పసిపిల్లలను ఇట్టి చీకటిలో గంటల తరబడి కూర్చుండబెట్టేవారట. 1842 నాటి చట్టం స్త్రీలను, పదేండ్ల లోపు బాలురను గనిలోపలి పనికి నిషేధించింది.

సాయంత్రానికి పోర్త్‌కాల్ చేరుసరికి తుఫాను చెలరేగింది. అట్లాంటిక్ నుండి వీచే నైరుతి గాలులు ఈ తీరాన్ని సూటిగా తాకుతాయి. అలలు రాతికట్టను ఢీకొని, దానిపైనున్న దీపస్తంభాన్ని ముంచెత్తుతున్నాయి. ఒకనాడు ఈ రేవు బొగ్గు ఎగుమతికే వెలసింది. గని కార్మికులు వేసవి సెలవులలో కుటుంబాలతో సేదదీరినదీ ఈ తీరాననే. అయితే కడలియు తన వంతు బలి గొన్నది. 1947 ఏప్రిల్ 23న సమీపంలోని స్కెర్ వద్ద ‘సామ్‌టాంపా’ ఓడ బండలపై విరిగి 39 మంది నావికులు మరణించారు. వారిని రక్షింపబోయిన పడవలోని 8 మందియు అసువులు బాశారు.

మన తెలుగునాట సింగరేణి గనుల చరిత్ర కూడ నూరేండ్లు దాటినది. బిగ్ పిట్‌లో మాకు పాఠం చెప్పినవి యంత్రాలు కావు, ఆ వృద్ధ కార్మికుల మాటలు. అట్టి మాటలు మన బొగ్గుబావుల చెంతను ఉన్నవి. చెప్పేవారు ఉండగానే వాటిని విని, వ్రాసి ఉంచుట విద్యార్థులమైన మన కర్తవ్యం.