ధారపోసిన నీళ్ళు

సంక్రాంతి సంబరాల మర్నాడు జరిగిన మన కార్యవర్గ సమావేశంలో ఒక ఒప్పందం చిత్తుప్రతి చదివి వినిపించారు. ఇక్కడి యూనివర్శిటీలో తెలుగు బోధనకోసం మన సంఘం పోగుచేస్తున్న నిధి తాలూకు కాగితం అది. మూడో షరతు దగ్గర బండి ఆగిపోయింది. అధ్యాపకుణ్ణి ఎంపికచేసే కమిటీలో దాతల తరఫున ఒకరుండాలని ఆ షరతు. “డబ్బు మనది. ఆపాటి మాట చెల్లకపోతే ఎలాగండీ?” అన్నారు ఒక పెద్దాయన. కాఫీలు చల్లారిపోయాయి గాని సంగతి తేలలేదు. ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయినది ఇక్కడ వ్రాస్తున్నాను.

ఈ తగువు ఈ దేశానికి కొత్తది కాదు. రైల్వేలమీద కోట్లు గడించిన లీలండ్ స్టాన్‌ఫర్డ్ దంపతులు, చనిపోయిన తమ ఒక్కగానొక్క కొడుకు పేర 1885లో కాలిఫోర్నియాలో యూనివర్శిటీ స్థాపించారు. 1893లో ఆయన పోయాక పెత్తనమంతా ఆయన భార్య జేన్ గారిదే. అక్కడ ఎడ్వర్డ్ రాస్ అని ఒక ప్రొఫెసరు ఉండేవాడు. 1896 ఎన్నికల్లో వెండి నాణేల పక్షం వహించి కరపత్రం వ్రాశాడు. ఊళ్ళో ట్రాములు ప్రజల సొత్తు కావాలన్నాడు. 1900లో ఒక సభలో ఆసియా కూలీలను ఈ దేశానికి రానివ్వకూడదని ఉపన్యసించాడు. స్టాన్‌ఫర్డుల రైలుదారి వేసింది చైనా కూలీలే మరి! జేన్ గారికి ఆగ్రహం వచ్చింది. అధ్యక్షుడు డేవిడ్ స్టార్ జోర్డన్ కొన్నాళ్ళు అడ్డుపడి, చివరికి తలవంచాడు. ఆ నవంబరులో రాస్ వెళ్ళిపోవలసి వచ్చింది.

ఇందులో మనం ఒక్క క్షణం ఆగి చూడవలసినది ఉంది. రాస్ అన్న మాటలు మనకి రుచించేవి కావు. అవి అచ్చమైన జాతివిద్వేషపు మాటలు. పైగా ఆ ధోరణే ఈ దేశంలో చాలాకాలం చెల్లింది. 1965 చట్టం వచ్చేదాకా మనవంటివారికి తలుపులు దాదాపు మూసే ఉన్నాయి. జేన్ గారు ఆ ఉపన్యాసాన్ని పత్రికల్లో చీల్చి చెండాడి ఉంటే నేనూ చప్పట్లు కొట్టేవాణ్ణి. ఆవిడ ఆ పని చెయ్యలేదు, ఉద్యోగం తీయించారు. ఆ అధికారం ఆవిడకి డబ్బువల్ల వచ్చింది, వాదనవల్ల కాదు. ట్రాముల గురించి మాట్లాడినవాడిమీదా, మన గురించి మాట్లాడినవాడిమీదా పడేది ఆ ఒక్క కర్రే.

దీన్ని తరగతిలోనే ఖండించిన చరిత్ర ప్రొఫెసరు జార్జి హోవర్డుకీ పదవి పోయింది. మరికొందరు తామే రాజీనామా ఇచ్చారు. వారిలో ఆర్థర్ లవ్‌జాయ్ అనే తత్త్వశాస్త్రజ్ఞుడు 1915లో జాన్ డ్యూయీ ప్రభృతులతో కలిసి అమెరికన్ యూనివర్శిటీ ప్రొఫెసర్ల సంఘం స్థాపించాడు. మనలో ప్రొఫెసర్లుగా ఉన్నవారు ‘టెన్యూర్’ అని మురిపెంగా చెప్పుకునే దానికి గట్టి పునాది వేసింది ఆ సంఘమే. రాస్ 1906లో విస్కాన్సిన్ చేరాడు. తరవాత 1971 నుంచి వెల్చేరు నారాయణరావు గారు తెలుగు చెప్పిన యూనివర్శిటీ అదే. చరిత్రకి వేళాకోళం ఎక్కువ.

పాత కథ అంటారేమో. 2016లో కాలిఫోర్నియాలోనే, అర్వైన్ యూనివర్శిటీకి ధర్మ సివిలైజేషన్ ఫౌండేషన్ ద్వారా వచ్చిన 30 లక్షల డాలర్ల పీఠాలు అధ్యాపకుల అభ్యంతరాలతో ఆగిపోయాయి. నియామకాల్లో దాత సంస్థ భావాలు చొరబడతాయేమోనన్నదే వారి భయం. వాషింగ్టన్ యూనివర్శిటీలో మరీ చిత్రం. ఇజ్రాయెల్ అధ్యయనాలకు 2016లో వచ్చిన 50 లక్షల డాలర్లు, ప్రొఫెసరు సంతకం చేసిన ఒక ప్రకటన దాతకు నచ్చకపోవడంతో 2022లో తిరిగి దాత చేతికే వెళ్ళాయి.

మన వైపు దానమంటే నీళ్ళు ధారపోసి ఇచ్చేది. ధారపోసిన నీళ్ళు మళ్ళీ చెంబులోకి రావు. తానిచ్చినదే అయినా తిరిగి లాక్కున్నవాడు అరవైవేల ఏళ్ళు పురుగై పడి ఉంటాడని పాత శాసనాల చివర శాపం చెక్కించేవారు. (ఆ అగ్రహారాలు పుచ్చుకున్నవారు రాజుని ఏనాడైనా తప్పుపట్టారా అంటే, అది వేరే వ్యాసం.)

పెద్దాయన బాధ అర్థం లేనిది కాదు. మన భాష పట్టుబడనివారు మన గురించి వ్రాసినవి చదివి నేనూ పళ్ళు కొరికిన రోజులున్నాయి. మన డబ్బు తెలుగుకే ఖర్చు కావాలని, ఏటా లెక్క చెప్పాలని అడుగుదాం. మూలధనం కదపకుండా ఏటా నాలుగైదు శాతం వాడతారు కనుక ఆ లెక్క చూడటం కష్టమూ కాదు. పాఠం ఎవరు చెప్పాలి, ఏం చెప్పాలి అన్నది మాత్రం వారికి వదిలేద్దాం.

“రేపు ఆయన మన కులాల మీద పుస్తకం వ్రాస్తేనో?” అని ఆ రోజు వెనకనుంచి ఎవరో అడిగారు. కొని చదువుతాను. నచ్చకపోతే ఈ పత్రికలోనే జవాబు వ్రాస్తాను. మూడో షరతు ఉగాదినాటి సర్వసభ్య సమావేశంలో ఓటుకి వస్తోంది. పిల్లల నాటకం రిహార్సలు ఉన్నా సరే, ఇంటికొకరైనా రండి.