బలం తగ్గిన వేళ ఒడుపే అండ

2009 జూలై 19. స్కాట్లండ్ పడమటి తీరంలోని టర్న్‌బెర్రీ గోల్ఫ్ మైదానం. ఓపెన్ ఛాంపియన్‌షిప్ ఆఖరి రోజు, ఆఖరి గుంట. అమెరికా ఆటగాడు టామ్ వాట్సన్ బంతి ముందు నిలబడి ఉన్నాడు. అప్పటికి ఆయన వయసు 59 సంవత్సరాలు. తొమ్మిది నెలల క్రితమే తుంటి కీలు మార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఆ గుంటను నాలుగు దెబ్బలలో ముగిస్తే చాలు, ఓపెన్ పోటీని ఆరవసారి గెలిచిన ఘనత ఆయనకు దక్కుతుంది. పెద్ద పోటీలలో అంతవరకు గెలిచినవారందరిలోకి వయోవృద్ధుడు 48 ఏళ్ల జూలియస్ బోరోస్. ఆ రికార్డు నెలకొన్నది 1968లో.

వాట్సన్ రెండో దెబ్బ కొట్టాడు. బంతి గుంట చుట్టూ ఉండే నున్నని పచ్చిక మీద పడింది. కాని ఆగలేదు. దొర్లుకుంటూ వెనుక అంచు దాటి పోయింది. అక్కడినుంచి ముగించడానికి మరో మూడు దెబ్బలు పట్టాయి. పోటీ సమమయింది. ఆ తర్వాత జరిగిన నాలుగు గుంటల అదనపు ఆటలో 36 ఏళ్ల స్టీవర్ట్ సింక్ గెలిచాడు.

ఈ ఘట్టంలో చాలామంది గమనించని విషయం ఒకటుంది. అరవైకి చేరువలో ఉన్న ఆ మనిషి చేతిలోనుంచి విజయం జారిపోయింది బంతి దూరం వెళ్లలేక కాదు. అది అవసరాన్ని మించి దూరం వెళ్లింది. వయసు మీరినవారి బంతి దూరం వెళ్లదు అనే మాట పూర్తి సత్యం కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. మరి సత్యం ఏమిటి? ఈ వ్యాసంలో దానిని పరిశీలిద్దాం.

ఆట గురించి నాలుగు మాటలు

గోల్ఫ్ మన తెలుగు నేలకు పూర్తిగా అపరిచితమైన ఆట కాదు. హైదరాబాదులో గోల్కొండ కోట చెంతనే ఒక గోల్ఫ్ మైదానం ఉంది. మనవారు ఉపాధి కోసం వెళ్లే దుబాయిలో, ఎడారి మధ్య పచ్చిక పెంచి 1988లోనే మజ్లిస్ అనే మైదానాన్ని తెరిచారు. ఆట సూత్రం చాలా సులభం. నేలమీద ఉన్న చిన్న బంతిని క్లబ్ అనే కర్రతో కొట్టి, వందల గజాల అవతల ఉన్న గుంటలో వేయాలి. అలా 18 గుంటలు పూర్తిచేయాలి. ఎవరు తక్కువ దెబ్బలతో ముగిస్తే వారిదే విజయం.

బరువులెత్తే ఆటలా దీనికి యౌవనబలం తప్పనిసరి కాదు గనుక ఎందరో యాభై, అరవై ఏళ్లు దాటాక కూడా ఆడుతూ ఉంటారు. అయితే వారందరినీ ఒక దిగులు వెంటాడుతుంది. నిన్నటిదాకా సునాయాసంగా రెండు వందల గజాలు దాటిన బంతి నేడు అంతకు ముందే ఆగిపోతుంది. తోటి యువకుల బంతి తమ బంతిని దాటి పోతుంది. అప్పుడు కొందరు పళ్లు బిగించి మరింత బలంగా కొట్టబోయి నడుము పాడుచేసుకుంటారు. మరికొందరు ఇక మన పని అయిపోయిందనుకుని, ఉదయపు నడకనూ మిత్రుల సహవాసాన్నీ కూడా వదులుకుని ఇంట్లో కూర్చుంటారు. రెండూ పొరపాట్లే.

దూరం ఎందుకు తగ్గుతుంది?

ముప్ఫయ్యవ పడి దాటినప్పటినుంచే మనిషి కండరాలు కొద్దికొద్దిగా క్షీణించడం మొదలవుతుంది. అరవై తర్వాత ఆ క్షీణత వేగం పుంజుకుంటుంది. అందులోనూ ముందుగా తగ్గేవి చురుకైన కదలికకు పనికివచ్చే కండర తంతువులు. నిదానంగా బరువు మోయడానికి పనికివచ్చేవి మరికొంత కాలం నిలుస్తాయి. అందువల్లనే అరవై ఏళ్ల రైతు బస్తా మోయగలడు గాని ఇరవై ఏళ్ల కుర్రవాడిలా పరుగెత్తలేడు. దీనికి తోడు తుంటి కీళ్లు, వెన్ను నడిమి భాగం బిగుసుకుంటాయి. ఒళ్లు మునుపటిలా వెనక్కి తిరగదు. ఒళ్లు తిరగనప్పుడు ఆటగాడు తనకు తెలియకుండానే ఆ పనిని చేతులకు అప్పగిస్తాడు. చేతులు తొందరపడతాయి. దెబ్బ వంకరగా తగులుతుంది. బంతి పక్కకు వంపు తిరిగి, ఉన్న దూరాన్ని కూడా పోగొట్టుకుంటుంది.

అంటే దూరం తగ్గడానికి కారణాలు రెండు. ఒకటి, వయసు తీసుకుపోయినది. రెండవది, ఆ లోటును పూడ్చుకోవాలనే ఆత్రంలో మనమే పోగొట్టుకున్నది. మొదటిదానిని కొంతవరకే రాబట్టగలం. రెండవదానిని చాలావరకు తిరిగి సంపాదించవచ్చు.

ఒంటికాలి గురువు నేర్పిన పాఠం

ఎర్నెస్ట్ జోన్స్ ఇంగ్లండుకు చెందిన గోల్ఫ్ ఆటగాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, ఫ్రాన్సు రణరంగంలో గాయపడి కుడికాలు మోకాలి దిగువన కోల్పోయాడు. స్వదేశానికి తిరిగివచ్చాక ఊతకర్రల సాయంతో మైదానంలో అడుగుపెట్టి, ఒంటికాలిపై నిలబడి బంతిని కొట్టాడు. 18 గుంటలను 83 దెబ్బలలో ముగించాడు. రెండు కాళ్లూ ఉన్న మామూలు ఆటగాళ్లలో అనేకులు ఆ సంఖ్యను అందుకోలేరు. కాలు లేదు, నేలను తన్నిపట్టే బలం లేదు. అయినా బంతి ఎలా వెళ్లింది? ఈ ప్రశ్నే ఆయనను గురువుగా మార్చింది. తర్వాత అమెరికాకు వెళ్లి న్యూయార్కులో ఎందరికో ఆట నేర్పాడు. 1932, 1933, 1934 సంవత్సరాలలో వరుసగా అమెరికా మహిళల అమెచ్యూర్ పోటీ గెలిచిన వర్జీనియా వాన్ వీ ఆయన శిష్యురాలే.

జోన్స్ తన పాఠాన్ని ఒక చేతిరుమాలుతో చెప్పేవాడు. రుమాలు కొసకు చిన్న మడతకత్తి కట్టి, రెండో కొస పట్టుకుని ఊపేవాడు. నెమ్మదిగా, ఒకే లయలో ఊపినంతసేపు రుమాలు బిగువుగా ఉండి కత్తి చక్కని చాపంలో తిరుగుతుంది. చేతిని విదిలించి తొందరపెట్టగానే రుమాలు వదులై ముడతపడుతుంది, కత్తి దారి తప్పుతుంది. ఇంట్లో తాళంచెవుల గుత్తిని రుమాలు కొసకు కట్టి ఎవరైనా దీనిని పరీక్షించి చూడవచ్చు.

మన పల్లెల్లో జొన్నచేలకు కాపలా కాసేవారి చేతి వడిసెలలో ఉన్నదీ ఇదే సూత్రం. వడిసెల విసిరే మనిషి రాయిని నెట్టడు. తాడును బిగువుగా ఉంచి తిప్పుతాడు, సరైన క్షణంలో వదులుతాడు. రాయి వేగం అతని కండనుంచి కాక తాడు పొడవునుంచి, తిప్పిన తీరునుంచి వస్తుంది. గోల్ఫ్ క్లబ్ కూడా ఒక వడిసెలే. ముందు తుంటి కదలాలి, తర్వాత ఛాతీ, తర్వాత చేతులు, అన్నిటికంటె చివర క్లబ్ తల. ఒక్కొక్కటి తన వేగాన్ని తర్వాతి దానికి అందించి తాను నెమ్మదిస్తుంది. ఈ వరుస తప్పితే ఎంత బలం ఉన్నా వృథా.

నడిబొడ్డున తగిలిన దెబ్బ విలువ

బంతికీ క్లబ్ తలకూ మధ్య స్పర్శ సుమారు సెకనులో రెండువేలవ వంతు కాలం మాత్రమే ఉంటుంది. ఆ లిప్తలోనే అంతా తేలిపోతుంది. డ్రైవర్ అని పిలిచే అతి పొడవైన క్లబ్‌తో దెబ్బ సరిగ్గా నడిమధ్యన తగిలితే బంతి వేగం క్లబ్ తల వేగానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. క్లబ్ తల గంటకు 90 మైళ్ల వేగంతో వస్తే బంతి 135 మైళ్ల వేగంతో బయలుదేరుతుంది. అదే దెబ్బ అంచున తగిలి ఆ నిష్పత్తి 1.4కు పడిపోతే బంతి వేగం 126 మైళ్లే. ఈ 9 మైళ్ల తేడా అంటే ఇంచుమించు 15 నుంచి 20 గజాల దూరం. చేతుల వేగాన్ని పెంచి ఇంత దూరం సంపాదించడం అరవై ఏళ్ల శరీరానికి చాలా కష్టం. నడిమధ్యన కొట్టడం నేర్చుకుంటే ఒళ్లు అలవకుండానే అది చేతికి వస్తుంది. కనుక పెద్దవయసు ఆటగాడు ముందుగా సాధించవలసినది వేగాన్ని కాదు, గురిని.

ఆచరణలో పెట్టవలసినవి

ఈ క్రింది సూచనలు కుడిచేతి వాటం గలవారికి చెప్పినవి. ఎడమచేతి వాటంవారు దిక్కులు మార్చి చదువుకోగలరు.

మొదటిది పట్టు. క్లబ్‌ను అరచేతిలో కాక వేళ్లలో, కోడిపిల్లను పట్టుకున్నంత మెత్తగా పట్టుకోవాలి. పిడికిలి బిగిస్తే ముంజేయి బిగుస్తుంది, ముంజేయి బిగిస్తే భుజం బిగుస్తుంది, వడిసెల తాడు కాస్తా కర్రగా మారిపోతుంది.

రెండవది నిలబడే తీరు. రెండు పాదాల వేళ్లనూ కొద్దిగా బయటికి తిప్పి, కుడిపాదాన్ని అంగుళం రెండంగుళాలు వెనక్కి జరపాలి. బిగుసుకున్న తుంటి అప్పుడు సులువుగా వెనక్కి తిరుగుతుంది.

మూడవది మడమ. క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు ఎడమ మడమ నేలకు అంటిపెట్టుకుని ఉండాలని కొందరు పట్టుబడతారు. ఒళ్లు విల్లులా వంగే వయసులో అది చెల్లుతుంది. పెద్దవారు మడమను కొద్దిగా లేవనివ్వాలి. 46 ఏళ్ల వయసులో, 1986లో, మాస్టర్స్ పోటీని ఆరవసారి గెలిచిన జాక్ నిక్లస్ జీవితమంతా మడమ ఎత్తి ఆడినవాడే. మడమ లేస్తే తుంటి తిరుగుతుంది, తుంటి తిరిగితే భుజం తిరుగుతుంది, నడుముపై భారం తగ్గుతుంది.

నాలుగవది ఓపిక. క్లబ్ పైకి చేరిన క్షణాన తొందరపడకూడదు. ముందు ఎడమ మడమ నేలను తాకాలి, ఒంటి బరువు ఎడమకాలి మీదికి రావాలి, ఆ తర్వాతనే చేతులు దిగాలి. దెబ్బ ముగిశాక బంతి నేలను తాకేదాకా ఎడమకాలిపై తూలకుండా నిలవగలిగితే వరుస సరిగా సాగిందని అర్థం. తూలిపోతే శక్తికి మించి కొట్టారని అర్థం.

ఐదవది బంతిని ఉంచే చోటు. డ్రైవర్ వాడేటప్పుడు బంతిని ఎడమ మడమకు ఎదురుగా, సగం బంతి క్లబ్ తల పైఅంచుకు ఎగువన కనిపించేటంత ఎత్తులో టీ మీద ఉంచాలి. అప్పుడు క్లబ్ కొద్దిగా పైకి లేస్తూ బంతిని తాకుతుంది. నెమ్మదైన దెబ్బకు బంతి ఎత్తుగా లేవడమే మేలు. తక్కువ ఎత్తులో పోయే బంతి గాలిలో నిలవదు.

ఆరవది పరికరం. యౌవనంలో కొన్న గట్టి కాడల క్లబ్‌లను పట్టుకుని వేలాడడం అభిమానమే గాని వివేకం కాదు. తేలికైన, కాస్త వంగే కాడ. ముఖం మరికొంత ఏటవాలుగా ఉన్న డ్రైవర్. కీళ్లనొప్పులున్నవారికి లావుపాటి పిడి - ఇవి శరీరానికి తగిన సాధనాలు. చూపు తగ్గినప్పుడు కళ్లజోడు మార్చుకోవడానికి ఎవరు సిగ్గుపడతారు?

ఒంటిని కాపాడుకోవడం

గోల్ఫ్ ఆడేవారిని ఎక్కువగా బాధించేది నడుమునొప్పి. అందుచేత మైదానంలోకి వెళ్లగానే మొదటి బంతిని శక్తికొద్దీ కొట్టడం వంటి తప్పు మరొకటి లేదు. పది నిమిషాలు నడిచి, భుజాలను, తుంటిని నెమ్మదిగా తిప్పి, చిన్న దెబ్బలతో ఆరంభించాలి. ఇంటివద్ద కుర్చీలోనుంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు ఆనుకుని ఒంటికాలిపై నిలవడం, కుర్చీలో కూర్చుని ఛాతీని కుడికీ ఎడమకూ తిప్పడం వంటివి రోజూ కొన్ని నిమిషాలు చేస్తే కాళ్లకు బలం, వెన్నుకు సడలింపు వస్తాయి. వేగం పెంచుకోదలచినవారు వారానికి రెండుసార్లు, బంతి లేకుండా, పదిపన్నెండు ఊపులు చాలించాలి. మధ్యమధ్య విశ్రాంతి తీసుకోవాలి. గుండెజబ్బు, వెన్నుజబ్బు, కీలు మార్పిడి ఉన్నవారు వైద్యుని సలహా తీసుకున్న తర్వాతనే మొదలుపెట్టాలి. నొప్పి అనేది ఆపమని శరీరం చెప్పే మాట. దానిని వినడం పిరికితనం కాదు.

అంగీకారమూ ప్రయత్నమూ

వాట్సన్ చేజార్చుకున్న ఘనతను పన్నెండేళ్లకు మరొకరు అందుకున్నారు. 2021 మే 23న అమెరికాలోని కియావా ద్వీపంలో ఫిల్ మికెల్సన్ 50 ఏళ్ల వయసులో పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచి, పెద్ద పోటీ గెలిచినవారిలో అందరికంటే పెద్దవాడయ్యాడు. చివరి రోజు పదహారవ గుంటవద్ద ఆయన కొట్టిన బంతి 366 గజాలు పోయింది.

వాట్సన్, మికెల్సన్ జీవితమంతా ఆటకే అంకితమైనవారు. వారి దూరం అందరికీ రాదు. అందరికీ రాగలిగినది మరొకటుంది. 2011లో అమెరికా గోల్ఫ్ సంస్థలు 'టీ ఇట్ ఫార్వర్డ్' అనే ప్రచారం చేపట్టాయి. ఎవరి దెబ్బ ఎంత దూరం పోతుందో దానినిబట్టి ఆరంభస్థానాన్ని ముందుకు జరుపుకోండి అన్నదే దాని సారాంశం. ముందునుంచి ఆడడం ఓటమి కాదు. ఉన్న శక్తికి తగిన దారి ఎంచుకోవడం.

వయసు తీసుకుపోయిన పదిగజాలను మనస్ఫూర్తిగా వదులుకోవాలి. తొందరపాటువల్ల మనం పోగొట్టుకున్న ఇరవై గజాలను ఓపికతో తిరిగి తెచ్చుకోవాలి. ఈ రెంటికీ మధ్య తేడా తెలిసినవాడు డెబ్బయ్యవ ఏట కూడా మిత్రులతో కలిసి మైదానంలో నడుస్తూ ఉంటాడు. తెలియనివాడు యాభై అయిదుకే నడుముకు పట్టీ కట్టుకుని కిటికీలోనుంచి చూస్తూ ఉంటాడు.