ఊరు దాటి వెళ్లినప్పుడు తిండి, నీళ్లు – జాగ్రత్తలు

శిక్షణ కోసమో, ఆఫీసు పని మీదో గోదావరిఖని నుండి కొత్తగూడెంలోని సింగరేణి ప్రధాన కార్యాలయానికో, హైదరాబాదుకో వెళ్లి రెండు రోజులు ఉండి రావడం మనలో చాలామందికి అలవాటే. ఆ రెండు రోజులూ టిఫిను, భోజనం, చాయ్ అన్నీ బయటే. తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకుంటే "ఆ ఊరి నీళ్లు పడలేదు" అని సరిపెట్టుకుంటాం. నిజానికి తప్పు ఊరిది కాదు. ఆ నీళ్లలోనో, ఆహారంలోనో చేరిన క్రిములదే.

ఏమి తినాలి?

హోటలు పెద్దదా, చిన్నదా అని కాదు, ఆహారం వేడిగా ఉందా అని చూడండి. కళ్ల ముందే పెనం మీద నుండి తీసిన దోసె, పొగలు వచ్చే ఇడ్లీ చిన్న బండి దగ్గరైనా మేలే. ఉదయం నుండి బయట ఉన్న చట్నీ, కోసి ఉంచిన పండ్లు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు మానండి. అరటి, బత్తాయి వంటి పండ్లు మీరే ఒలుచుకుని తినండి. తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇంటి నుండి అన్నం కట్టుకుని వెళ్లేవారు కూడా జాగ్రత్తపడాలి. బియ్యంలో ఉండే ఒక రకం క్రిమి ఉడికించినా పూర్తిగా చావదు. అన్నం గంటల తరబడి అలాగే ఉంటే అది పెరిగి విషాన్ని తయారు చేస్తుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. కాబట్టి రెండు గంటలలోపు తినండి. దూర ప్రయాణానికి సకినాలు, పల్లీలు, అటుకులు మంచివి.

ఏమి తాగాలి?

కాచి చల్లార్చిన నీళ్లు వెంట తీసుకువెళ్లండి. సీసా కొంటే మూత సీలు, తేదీ, 14 అంకెల లైసెన్సు నంబరు చూడండి. చెరుకు రసంలో, మజ్జిగలో ఐసు వేయవద్దని చెప్పండి. నీళ్లు గడ్డకట్టినంత మాత్రాన అందులోని క్రిములు చావవు.

షుగరు ఉన్నవారు మందులు వెంట ఉంచుకోండి. మందు వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే చెమటలు, వణుకు వస్తాయి. జేబులో కొంచెం చక్కెర ఉండాలి.

విరేచనాలు మొదలైతే?

ఇంటికి చేరేదాకా ఆగకండి. వెంటనే ఓ.ఆర్.ఎస్. తాగండి. పొట్లం దొరకకపోతే లీటరు మంచి నీటిలో 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు (తలకొట్టి) కలిపి, విరేచనం అయిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఇటువంటి ద్రావణంతోనే ఎంతోమంది ప్రాణాలు కాపాడారు.

రక్తం పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, తాగినది నిలవకపోయినా, మూత్రం తగ్గినా ఆసుపత్రికి రండి. పూర్తిగా తగ్గకముందే షిఫ్టుకు వెళ్లకండి. గనిలోని ఉక్కకు చెమట పట్టి, ఒంట్లో మిగిలిన నీరు కూడా పోయి సొమ్మసిల్లే ప్రమాదం ఉంది.

తిరిగి వచ్చాక

టైఫాయిడ్ సాధారణంగా ఒకటి, రెండు వారాల తర్వాత, పచ్చకామెర్లు రెండు నుండి ఆరు వారాల తర్వాత బయటపడతాయి. అప్పటికి ప్రయాణం సంగతే మరచిపోతాం. జ్వరం విడవకపోయినా, కళ్లు పచ్చబడినా పసరు మందులతో కాలం గడపకండి. ఎప్పుడు, ఎక్కడికి వెళ్లి వచ్చారో డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాటతో జబ్బును త్వరగా గుర్తించవచ్చు.

దేవుడిచ్చిన ఆరోగ్యాన్ని ప్రయాణంలోనూ కాపాడుకుందాం. మీ ఇంటివారు మీ కోసం ఎదురుచూస్తుంటారు.