రాజీలో ఏం పోతుంది? అపోహలు – వాస్తవాలు

అపోహ: జనానికి నచ్చాలంటే రాజీ పడక తప్పదు.

వాస్తవం: జనానికి ఏం నచ్చుతుందో వాళ్లు చూడకముందే తేల్చేసేది చాలాసార్లు మధ్యలోని వ్యాపారులే. 1980లో ‘శంకరాభరణం’ వచ్చేనాటికి తెలుగు తెరపై ఫైట్లు, డ్యూయెట్లదే జోరు. ఈ సినిమాలో కథానాయకుడు శంకరశాస్త్రి వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు. ఆ పాత్రకు దర్శకుడు కె.విశ్వనాథ్ చివరికి పేరున్న స్టార్‌ని పెట్టలేదు. డిప్యూటీ కలెక్టర్‌గా పనిచేస్తూ నాటకాలాడే జె.వి.సోమయాజులును తీసుకున్నారు. స్టార్‌ని పెట్టి ఓ డ్యూయెట్టు, ఓ ఫైటు కలిపి ఉంటే డిస్ట్రిబ్యూటర్లకు ధైర్యం వచ్చేదేమో. శంకరశాస్త్రి మాత్రం మనకు దక్కేవాడు కాదు. నిర్మాత ఏడిద నాగేశ్వరరావు ఆ కథనే నమ్మారు. సినిమాకు నాలుగు జాతీయ అవార్డులొచ్చాయి. భాష రాని మలయాళీలూ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

అపోహ: రాజీ పడనివాడు ఎవరి మాటా వినడు.

వాస్తవం: అదే సినిమా చూడండి. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని గాయకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం చేత విద్వాంసుడి పాటలు పాడించారు. సంగీత దర్శకుడు కె.వి.మహాదేవన్ రాగాలను సినిమా పాట నిడివికి కుదించారు. పామరుడు కూడా కూనిరాగం తీసేలా బాణీలు కట్టారు. ఇదంతా సర్దుబాటే. కథకు ప్రాణమైన సంగీత గౌరవాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. తేడా అంతా అక్కడే ఉందని నా నమ్మకం.

అపోహ: పట్టు విడవకపోతే గెలుపు ఖాయం.

వాస్తవం: కాదు. హిందీ దర్శకుడు గురుదత్ సినిమా ‘కాగజ్ కే ఫూల్’ 1959లో ఘోరంగా దెబ్బతింది. ఆ తర్వాత ఆయన దర్శకుడిగా తన పేరే వేసుకోలేదు. సొంత దారి పట్టే కుర్రాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి.

అపోహ: వ్యాపారంలో చిన్న చిన్న రాజీలతో నష్టం లేదు.

వాస్తవం: పోచంపల్లి చీరలో డిజైన్ నేతకు ముందే పుడుతుంది. నూలును లెక్క ప్రకారం కట్టి, రంగులో ముంచి, విప్పి, అప్పుడు మగ్గమెక్కిస్తారు. అందుకే రంగు రెండు వైపులా పలుకుతుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. అచ్చేసిన నకలుకు వెనక వైపు వెలిసినట్టుంటుంది. ధరలో ఆ నకలుతో పోటీకి దిగి, ఈసారి కొంచెం కట్టు తగ్గిద్దాం, వచ్చేసారి ఇంకొంచెం అనుకుంటూ పోతే, చివరికి నేతగాడి చేతిలో మిగిలేది మిల్లు ఇంకా చవగ్గా ఇవ్వగల సరుకే. ఆ పోటీలో మగ్గం నెగ్గలేదు.