ఇంటి కోడిగ్రుడ్లు: కడుగవలెనా? నిలువచేయుట యెట్లు?



నిజాంసాగరు కాలువ క్రింద వరియు చెఱకును పండించు నిజామాబాదు, బోధను ప్రాంతములలో పెరటియందు నాలుగైదు పెట్టలను పెంచు కాపురములు పెక్కు గలవు. చెఱకు పైకము ఏడాది కొకమారు వచ్చును. గ్రుడ్ల పైకము వారమువారము ఉప్పునకు, చింతపండునకు అక్కఱకు వచ్చును. నాటుపెట్ట సంవత్సరమునకు పెట్టునవి సుమారు 50 మొదలు 70 గ్రుడ్లు మాత్రమే. అందు పది మురిగిపోయిన నష్టము స్వల్పమని యెంచరాదు. కంఠేశ్వరు పేటలో ఇంటింట అమ్మినను, ఊరి అంగడిలో అమ్మినను, ఒకమారు మురుగుగ్రుడ్డు పగులగొట్టినవారు మరల ఆ గంపవైపు చూడరు.

గ్రుడ్లు తెల్లగా కనబడవలెనని వానిని కడవనీటిలో కడిగి, తడిగుడ్డతో తుడిచి గంపలో పేర్చుట పలువురి వాడుక. అట్టి గ్రుడ్డు చూపునకు బాగుండును గాని నిలువకు పనికిరాదు. కారణము తెలిసికొందము.

పెంకు స్వభావము. పెంకు రాతివలె గట్టిగా దోచినను అందు కంటి కగపడని రంధ్రములు వేలకొలది గలవు. పెట్ట గ్రుడ్డు పెట్టుటకు ముందు ఆ రంధ్రములపై సన్నని పొర నొకదానిని పూయును. అది ఆరి, రోగక్రిములు లోనికి పోకుండను, లోని తేమ వెలికి పోకుండను కాపాడును. కడిగినచో ఈ పొర చెడును.

చన్నీటి దోషము. అప్పుడే పెట్టిన గ్రుడ్డు కోడి యొంటివేడితో, అనగా సుమారు 41 డిగ్రీలతో నుండును. దానిని చన్నీట ముంచినంతనే లోని పదార్థము ముడుచుకొని, పైనున్న నీటిని మలినముతో కూడ రంధ్రములగుండ లోనికి పీల్చుకొనును. వేసవిలో గదియందున్న గ్రుడ్డు సైతము వెచ్చగనే యుండును గాన, ఆ దినములలో కడవనీరు మఱింత హానికరము.

అమెరికాలో అమ్మకపు గ్రుడ్లను కడుగుదురు గదా యని కొంద ఱడుగుదురు. నిజమే. అచ్చట గ్రుడ్డుకంటె సుమారు 11 డిగ్రీలు హెచ్చు వేడిగల నీటితో యంత్రములపై కడిగి, వెంటనే ఆరబెట్టి, కొనువాని యింటివఱకు 7 డిగ్రీల చలువలో నుంతురు. ఐరోపా దేశములలో మొదటి తరగతి గ్రుడ్లను సాధారణముగా కడుగరు. కడిగినచో చలువ తప్పరాదు. చలువ లేనిచోట కడుగరాదు. పల్లెలో మనకు రెండవ మార్గమే తగినది.

కడుగ నవసరము లేకుండుట యెట్లు? గూటి శుభ్రతయే దీనికి మూలము. అయిదు పెట్టలకు ఒకటి రెండు గూళ్లు చాలును. అందు ఎండిన వరిగడ్డిగాని, బాగుగ నెండిన చెఱకాకుగాని పఱచి, తడిసినంతనే మార్చవలెను. కోళ్లను రాత్రివేళ గూటిలో పండుకొననీయరాదు. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము గ్రుడ్లు తీయవలెను. కొంచెము మట్టి యంటినచో పొడిగుడ్డతోగాని గరుకుకాగితముతోగాని మెల్లగా రాచిన చాలును. మిక్కిలి మలినమైనవానిని అమ్మక వేఱుగ నుంచి, వండుటకు ముందు మాత్రము వెచ్చని నీట కడిగి, ఆ దినమే బాగుగ ఉడికించి తినవలెను. బీటువారినవానిని ఆ పూటనే ఉడికింపవలెను. కారుచున్నవానిని, వాసన గలవానిని పాఱవేయవలెను. గ్రుడ్లు ముట్టిన చేతులను సబ్బుతో కడుగుకొనవలెను.

నిలువచేయుట. మొద్దుకొన పైకి, సన్నకొన క్రిందికి ఉండునట్లు పేర్చవలెను. మొద్దుకొనలో గాలిగది యుండుటచే పచ్చసొన నడుమ నిలుచును. పొయ్యిదాపున, రేకులక్రింద, ఉల్లి, కిరసనాయిలు మొదలగు ఘాటు వస్తువులయొద్ద ఉంచరాదు. తడి ఊకలో పాతిపెట్టిన బూజుపట్టును. నీడగల మూలలో తడియిసుక పోసి, అందు మట్టికుండను సగమువఱకు పాతి, లోపల పొడిగడ్డిపై గ్రుడ్లనుంచి పలుచని గుడ్డ కప్పవలెను. ఇసుకను మాత్రమే తడుపుచుండవలెను. గ్రుడ్లకు తడి తగులరాదు. ఫ్రిజ్జు గలవా రందుంచవచ్చును గాని, ఒకమారు ఉంచినవానిని బయట పెట్టరాదు. పెంకుపై చెమ్మ పట్టి చెడును. పెట్టిననాడే పెంకుకు వేరుసెనగనూనె పలుచగ రాచినచో తేమ పోవుట తగ్గును.

పొదుగవేయు గ్రుడ్ల సంగతి వేఱు. వానిని కడుగరాదు, నూనె రాయరాదు, ఫ్రిజ్జులో నుంచరాదు. వారము దాటకమునుపే పెట్టక్రింద వేయవలెను.

వేసవి జాగ్రత్త. మే నెలలో మన జిల్లాలో ఎండ 45 డిగ్రీలకు చేరుట కలదు. అట్టి వేడిలో పుంజు కలిసిన పెట్ట పెట్టిన గ్రుడ్డునందు, పొదుగు కోడి లేకయే, అంకురము పెరుగ నారంభించి, చచ్చి మురుగును. పుంజు లేకున్నను పెట్ట గ్రుడ్లు పెట్టును. కావున పిల్లలు తీయింపని కాలమున పుంజును వేఱుచేయుట మేలు. అటుపిమ్మట సుమారు మూడు వారములకు వచ్చునవి యంకురము లేని గ్రుడ్లు. అవి యెక్కువ దినములు నిలుచును. హైదరాబాదు రాజేంద్రనగరు పరిశోధనాలయమువారి వనరాజ, గ్రామప్రియ కోళ్లను పెంచువారికి గ్రుడ్లు హెచ్చుగ వచ్చును గాన ఈ జాగ్రత్త మఱింత యవసరము.

పరీక్ష. చీకటిగదిలో టార్చిలైటును మొద్దుకొనకు తాకించి చూడవలెను. గాలిగది చిన్నదైన క్రొత్తది. నెత్తుటిచారలుగాని నల్లని ముద్దగాని కనబడినచో తీసివేయవలెను. నీట వేసిన క్రొత్తది అడుగున పండుకొనును, ప్రాతది నిక్కి నిలుచును, మిక్కిలి ప్రాతది తేలును. నీటిపరీక్ష గ్రుడ్డును తడుపును గాన అప్పుడే వండుకొనువానికి మాత్రమే చేయవలెను.

గ్రుడ్డుపై పెట్టిన తేదీని సీసపుకడ్డీతో వ్రాసి, ముందు పెట్టినవానిని ముందు అమ్ముడు. పలువురి గ్రుడ్లు ఒక గంపలో చేరునపుడు ఒకరి యజాగ్రత్త అందఱి ధరను తగ్గించును. ఇంటి ఆడువారికి ఈ సంగతులు చదివి వినిపింపుడు. గూటిని కనిపెట్టువారు వారే, ఆ పైకముతో సంసారమును దిద్దుకొనువారును వారే.