వంటింటి పొగకు దారి

వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. పొయ్యి మీది పొగ, ఆవిరి దానితోపాటే ఇంటి కప్పును చేరుతాయి. పూర్వం వీటిని పొగగూడు వెలుపలికి పంపేది. నేడు ఆ పనిని విద్యుత్ పంకా చేస్తున్నది. అయితే పంకా పొగను కదిలించగలదే గాని నశింపజేయలేదు. కనుక దాని గొట్టం కప్పును దాటి ఆరుబయటికి చేరాలి. అటకపైనే ఆగిపోతే ఆవిరి చల్లబడి నీరై, కొయ్య దూలాలను కుళ్లబెడుతుంది. గొట్టం పొట్టిగా, వంపులు లేకుండా ఉండాలి. వాన పడకుండా దానిపై మూత, వెలుపలికి పోయిన గాలికి బదులు వచ్చే గాలికై తెరచిన కిటికీ అవసరం.

ఇళ్లలో కట్టెలు, పిడకలు, కిరోసిన్ వంటి ఇంధనాల పొగ వల్ల 2020లో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగకు దారి చూపడమంటే వంట చేసేవారి ఊపిరిని కాపాడడమే.